ఉమ్మడి పెట్టె

ఆ రోజు పొద్దున వెంకట్రామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. నరసరావుపేట వెళ్ళి తన కంప్యూటరుకు కొబ్బరికాయ కొట్టి, దాని మీద ఎర్ర రంగుతో తన పేరు వేసి రావటం.

గురజాలలో ఆయనది షామియానాల కొట్టు. పందిళ్ళు, కుర్చీలు, గుండిగలు, పెళ్ళి మండపాలు, చివరికి శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు దాకా అన్నీ అద్దెకిస్తాడు. ఈ వ్యాపారంలో ఏ వస్తువు కొన్నా ముందు దాని మీద పేరు పడాలి. పేరు లేని కుర్చీ సాయంత్రానికి ఇంకొకడి గోడౌనులో తేలుతుంది. ఆ భయంతో ఆయన ఇంట్లో మంచినీళ్ళ చెంబు మీద కూడా 'వెం.రా., గురజాల' అని వేయించాడు. అలాంటిది నెలనెలా అద్దె కడుతున్న కంప్యూటరు మీద తన పేరు లేకపోవటమేమిటని ఆయనకు కోపం. అసలు అది ఇంతవరకూ తన కళ్ళబడలేదన్నది ఇంకా పెద్ద కోపం.

ఆ కంప్యూటరు సంగతి తెచ్చింది కోడలు వర్షిణి. బీటెక్ చదివింది. కొట్టు బుకింగులన్నీ క్లౌడులో పెట్టించింది. ఏ పెళ్ళికి ఏ సామాను వెళ్ళాలో, ఏ బండి ఏ ఊరు పోవాలో ఆమె కొట్లో కూర్చుని నొక్కితే చాలు, డ్రైవర్ల ఫోన్లలో కనిపిస్తుంది. ఈ సీజన్లో ఒక్క గరిటె కూడా తప్పు ఊరికి పోలేదు. ఆ మాట వెంకట్రామయ్య చచ్చినా ఒప్పుకోడు. బాగా జరిగితే తన హస్తవాసి, చెడితే కోడలి కంప్యూటరు. ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, ఏం చేస్తాం, కొట్టు ఆయనది.

"ఇయ్యాల ముహూర్తాలున్నాయి మామయ్యా. పేట పని రేపు పెట్టుకోకూడదా?" అంది వర్షిణి.

"పనులు చూట్టానికి నువ్వున్నావుగా, నీ మబ్బుల కంప్యూటరుందిగా!" రంగు డబ్బా సంచిలో పెట్టుకుంటూ అన్నాడాయన. "ఒక్క మాట చెప్తన్నా, ఇనుకో. ఈ సీజన్లో ఒక్క బండి తప్పు ఊరికి పోయినా సరే, నువ్వు మళ్ళీ కొట్టుకొచ్చేది లేదు. వంటింట్లో మీ అత్తకి కూరగాయలు తరుగుతా కూర్చో."

వర్షిణి పళ్ళు బిగించింది. ఆ కొట్లో కూర్చోవటానికి ఆమె ఎంత పోట్లాడిందో ఆమెకే తెలుసు. భర్త ప్రవీణ్ పూర్తిగా ఆమె పక్షమే. కాకపోతే తండ్రి ఎదురుగా ఉన్నప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వడు.

పేటలో వాళ్ళకు ఆ కంప్యూటరును, అంటే సర్వరును, అద్దెకిచ్చింది సుస్మిత అనే అమ్మాయి. ఊరు రెంటచింతల. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని వచ్చి, ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ వ్యాపారాలన్నిటికీ సర్వర్లు అద్దెకిస్తోంది. వెంకట్రామయ్యను ఏసీ గదిలోకి తీసుకువెళ్ళి, ఇనుప అరలో దీపాలు మినుకుమంటున్న నల్ల పెట్టె ఒకటి చూపించింది.

"ఇదే అంకుల్ మీది."

ఆయన చేతిలో కొబ్బరికాయతో వంగి చూశాడు. పెట్టెకు అప్పటికే ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు పక్కన పచ్చ రంగుతో కుదురుగా అక్షరాలున్నాయి. 'నా.రా. సప్లయర్స్, గురజాల'.

నాగేశ్వరరావు! ఆయనదీ షామియానాల కొట్టే. ఈయన కొట్టుకు ఆనుకునే ఉంటుంది. రెండు కొట్లకూ మధ్య గోడ ఒకటే. ఆ ఉమ్మడి గోడకు మేకు కొట్టే హక్కు ఎవరిదన్న దావా కోర్టులో నడుస్తూ నడుస్తూ ఇద్దరి జుట్లూ నెరిసిపోయేలా చేసింది. ఒకరు వెళ్ళే టీకొట్టుకు ఇంకొకరు వెళ్ళరు. ఒకే మంగలికి తల అప్పగించరు.

"ఏందమ్మాయ్ ఇది? నా పెట్టె మీద ఆడి పేరేంది?"

"పోయిన శుక్రవారం వచ్చి వేసుకుపోయారు అంకుల్. వద్దంటే ఇన్లేదు. రంగు లోపల మాత్రం పొయ్యొద్దని బతిమాలుకున్నా. ఆయన సర్వరు కూడా ఇందులోనే ఉంది మరి."

"ఒకే పెట్టెలోనా?"

"పెట్టె ఒకటే గానీ లోపల రెండు సర్వర్లుగా విడగొట్టాం. ఎవరిది వాళ్ళదే. మీ బుకింగులు ఆయనకి కనపడవు, ఆయనవి మీకు కనపడవు. మధ్యలో గోడ ఉందనుకోండి."

ఆ పిల్ల ఇంకే మాటైనా అని ఉండవచ్చు. గోడ అనకుండా ఉండాల్సింది.

"గోడా? ఎవరిదా గోడ?"

"ఎవరిదేంటి అంకుల్, ఇద్దరిదీ."

"ఉమ్మడి గోడ!" కొబ్బరికాయ ఆయన చేతిలోంచి జారి సుస్మిత కాలి పక్కన పడింది. "ఎంత మందం? ఆడు మేకు కొడితే నా వైపుకి దిగుద్దా, దిగదా? దిగదని స్టాంపు కాయితం మీద రాసిస్తావా?"

"అయ్యో, అది నిజం గోడ కాదంకుల్..."

"అంటే ఆడికీ నాకూ మధ్య అసలు గోడే లేదంటావ్!"

సుస్మితకు కూడా ఓపిక అయిపోయింది. "మీకు వేరే పెట్టే కావాలంటే ఇస్తా. కొత్తది సోమవారం వస్తది. అప్పటిదాకా ఇందులో నడవనీయండి," అంది.

"ఆడితో ఒక్క నిమిషం కూడా కలిసుండేది లేదు. నా సగం ఆపెయ్. ఇప్పుడే."

"ఆపితే మీ బుకింగులు కనపడవు!"

"నా బుర్రలో కనపడతయ్. నువ్వు పుట్టకముందు నుంచి పందిళ్ళేస్తన్నా నేను."

సుస్మిత పరుగున వెళ్ళి వర్షిణికి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చింది. అవతల వర్షిణి గొంతు ఆ గదంతా వినిపించింది. "ఆపొద్దు మామయ్యా! బళ్ళు ఇంకా బయల్దేరలా. పొద్దున మీరు పోయినాక ఒక మార్పు చేశా, ముందు అది ఇనండి..."

"ఒకే పెట్టె అని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అయితే ఏంది? పని జరుగుతోందిగా!"

ఆయన ఫోన్ కట్ చేశాడు. ఖాతా ఆయన పేరు మీద ఉంది కాబట్టి సర్వరు ఆపాలన్నా, మళ్ళీ తెరవాలన్నా ఆయన ఫోనుకు వచ్చే నెంబరు చెప్పాలి. ఆ నెంబరును ఆయన ఒక్కో అంకే ఒత్తి పలుకుతూ గట్టిగా చదివాడు. సుస్మిత "మీ ఇష్టం" అని నొక్కింది. పెట్టె మీద దీపాలు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. మిగిలిన సగం నాగేశ్వరరావుది కదా. అది చూసి ఆయనకు ఇంకా మండింది.

కారు పేట దాటీ దాటకముందే డ్రైవరు మౌలాలీ ఫోన్ చేశాడు.

"సారూ, ఫోన్లో ఏం రావట్లా. తెల్లగా వస్తంది. మొదటి బండికి సామానెక్కించి పట్టా కట్టేసిపోయారు. యాడికి తోలాలి?"

"కారంపూడికి. పెళ్ళి మండపం. రాత్రే అనుకున్నాంగా."

"ఎందుకైనా మంచిది, వర్షిణమ్మని ఒకసారి అడుగుదునా?"

"కొట్టు నాదా, ఆమెదా? ఆమె ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తమాకండి. ఇయ్యాల నేను చెప్పిందే ఖాయం!"

రాత్రి అనుకున్న మాట నిజమే. కాని పొద్దున ఆయన కారెక్కి వెళ్ళిన కాసేపటికి రెంటచింతల నుంచి కాంతమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త చిన్నప్ప మాస్టారు తెల్లవారుజామున కన్నుమూశారు. కూతురు వైజాగు నుంచి రావాలి. రెంటచింతల ఎండల్లో అంతసేపు శవాన్ని ఎలా ఉంచుతారు? అందుకని వర్షిణి చిన్నదీ, వేగంగా వెళ్ళేదీ అయిన మొదటి బండిలో ఫ్రీజర్ బాక్సు పెట్టించి, కారంపూడి మండపాన్ని రెండో బండిలోకి మార్పించింది. ఆ మార్పంతా సర్వరులో ఉంది. సర్వరును మామగారు ఆపేశాడు. ఆమె స్కూటీ వేసుకుని గోడౌనుకు వెళ్ళేసరికి మొదటి బండి లేదు. మౌలాలీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా యజమాని ఆజ్ఞ ప్రకారం ఎత్తలేదు. యజమాని కూడా ఎత్తలేదు.

ఇంతలో కాంతమ్మ నేరుగా వెంకట్రామయ్యకే ఫోన్ చేసింది. "వెంకట్రామయ్యా, పెట్టె ఇంకా రాలేదేంది? ఎండెక్కుతాంది."

"ఏం పెట్టె అమ్మా?"

"మాస్టారు పోయారయ్యా. నీకు తెలవదా?"

వెంకట్రామయ్య కారు పక్కకు ఆపాడు. చిన్నప్ప మాస్టారి దగ్గరే ఆయన ఎక్కాలు నేర్చుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, "పంపిస్తన్నానమ్మా, నేనే పంపిస్తన్నా" అన్నాడు. ఆ దుఃఖంలో కూడా బుర్ర చురుగ్గానే పనిచేసింది. మొదటి బండిలో ఉన్నది పెళ్ళి మండపం. కాబట్టి బాక్సు రెండో బండిలోనే ఉండాలి. వెంటనే రెండో బండి డ్రైవరు జయపాల్‌కు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బండి రెంటచింతలకి తోలు. కాంతమ్మగారింటికి. తొందరగా!"

"పట్టా విప్పి ఒకసారి చూసుకోనా సారూ?"

"చూసే టైము లేదు, పో!"

వర్షిణి గోడౌను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతూ అరుస్తూనే ఉంది. ఇవాళ సారు చెప్పిందే ఖాయమని జయపాల్ ఆమె వైపు చూడకుండా బండి ముందుకు పోనిచ్చాడు. ఆమెకు కోపంతో ఏడుపొచ్చింది. తప్పు బండికి తనను కొట్లోంచి గెంటుతానన్న మనిషే, రెండు బళ్ళనూ స్వయంగా తప్పు ఊళ్ళకు తోలించాడు.

రెంటచింతల నుంచి జయపాల్ ఫోన్ చేసేసరికి వెంకట్రామయ్య కారు కారంపూడి దగ్గరకు వచ్చింది.

"సారూ, ఘోరమైంది. పట్టా విప్పితే ఎర్ర మఖమలు సోఫా, నెమలి స్తంభాలు, 'శుభవివాహం' లైట్లూ ఉన్నాయి. తెలవక సోఫా మాస్టారి ముందు దించేశాం."

"దించావా? ఎక్కించరా ఎదవా!"

"ఎట్టా ఎక్కించాలి? 'మా పెళ్ళప్పుడు కూడా నన్నిట్టాంటి దాంట్లో కూర్చోబెట్టలా' అని కాంతమ్మగారు దాంట్లో కూర్చున్నారు. లెగమని మీరు చెప్పండి. నేను చెప్పలేను." కాస్త ఆగి, "మాస్టారి కోసం ఊళ్ళోవాళ్ళు ఐసు దిమ్మలు తెప్పిస్తన్నారు. మిమ్మల్ని తిడతన్నారు. ఏమని తిడతన్నారో చెప్పమంటారా?" అన్నాడు.

అక్కర్లేదని వెంకట్రామయ్య ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక గాని ఆయనకు వెలగలేదు. మండపం రెంటచింతలలో ఉంటే, మరి కారంపూడికి పోయినదేమిటి?

కారంపూడి పెళ్ళివారింటి ముందు మేళం ఆగిపోయి ఉంది. గుమ్మానికి ఎదురుగా, మామిడి తోరణాల కింద, గాజు మూత మెరుస్తూ ఫ్రీజర్ బాక్సు నిలబడి ఉంది. మౌలాలీని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ నలుగురు కుర్రాళ్ళు కాపలా కాస్తున్నారు. మగపెళ్ళివారి బస్సు ఇంజను ఆపలేదు. పెళ్ళికొడుకు నాయనమ్మ గుమ్మంలోనే శవాల పెట్టె చూసి, తిరిగి బస్సెక్కి సీట్లో కూర్చుని, దిగనంటోంది. ఆమె దిగకపోతే పెళ్ళికొడుకు దిగడు.

వెంకట్రామయ్య కారు దిగీ దిగగానే పెళ్ళికూతురి తండ్రి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఏందయ్యా వెంకట్రామయ్యా! నా బిడ్డ పెళ్ళికి పాడె కూడా తెస్తావా, ఈ పెట్టె ఒక్కటేనా?"

"నా తప్పు కాదు బావా! మా కోడలు ఏదో మబ్బుల కంప్యూటరు పెట్టింది, అది..."

"ఎందుకబద్ధాలు సారూ!" కుర్చీలోంచి మౌలాలీ అరిచాడు. "వర్షిణమ్మని అడుగుతానంటే వద్దన్నది మీరే. ఫోను కూడా ఎత్తొద్దన్నారు. తన్నులు మాత్రం నాకు పడేట్టున్నాయి."

పెళ్ళికూతురి తండ్రి పట్టు ఇంకాస్త బిగిసింది. ఆ చెయ్యి అలా ఉండగానే వెంకట్రామయ్య వర్షిణికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్..."

"ఇప్పుడు గుర్తొచ్చానా మామయ్యా? పొద్దున్నుంచి గొంతు పోయేట్టు అరుస్తన్నా! మీరేమో నా ఫోను ఎత్తితే పాపమన్నట్టు డ్రైవర్లకి చెప్తిరి!"

"తర్వాత తిట్టుదువుగానీ, ముందు మండపం ఎట్టా వస్తదో చెప్పు."

"జయపాల్ రెంటచింతల నుంచి ముహూర్తానికి అందుకోలేడు. మిగతా బళ్ళు కూడా యాడికి పోవాలో తెలీక రోడ్డు మీదున్నాయి. సర్వరు తెరవాలి. సుస్మిత రెడీగా ఉంది. మీకు రెండు నెంబర్లొస్తయ్, రెండూ చెప్పండి."

"రెండెందుకు?"

"ఒకటి తెరవటానికి. రెండోది, ఇకమీదట ఆ నెంబర్లు నా ఫోనుకు రావటానికి. మీ కోపమొచ్చినప్పుడల్లా జనం పెళ్ళిళ్ళు ఆగిపోతే నావల్ల కాదు."

వెంకట్రామయ్య గొంతు తగ్గించాడు. "అదే పెట్టెలోనా? ఆడితోనా?"

"ఇంకా ఏ పెట్టె గురించయ్యా నువ్వు మాట్లాడేది!" పెళ్ళికూతురి తండ్రి కేక వేశాడు.

రెండు నెంబర్లూ ఆయన పెళ్ళిజనం అందరి ఎదుటా చదివాడు. చూస్తుండగానే మౌలాలీ ఫోను మోగింది. బాక్సు తీసుకుని అటునుంచి అటే రెంటచింతల పోవాలని అందులో ఉంది. మిగతా బళ్ళు కూడా కదిలాయి. ఇక్కడి మండపం సంగతి మాత్రం ఏ సర్వరూ తేల్చలేదు. దానికి వర్షిణి కొట్టు దిగి పక్క కొట్టు మెట్లెక్కింది. ఈ ఇంటి మనిషి ఆ మెట్లెక్కటం గోడ కేసు మొదలయ్యాక అదే మొదటిసారి.

నాగేశ్వరరావు మండపం ఒకటి కారంపూడిలోనే, ముందు రోజు పెళ్ళి అయిపోయిన వీధిలో, విప్పకుండా ఉంది. ఆయన సంగతంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఫ్రీజర్ బాక్సు ముక్క మాత్రం మూడోసారి కూడా చెప్పమన్నాడు. నవ్వి నవ్వి నీళ్ళొచ్చిన కళ్ళు తుడుచుకుంటూ, "ఇస్తానమ్మా, చానా సంతోషంగా ఇస్తా. నా బోర్డు మాత్రం తియ్యకూడదు" అన్నాడు.

ఫ్రీజర్ బాక్సు ఊరు దాటిందని నమ్మకం కుదిరాక నాయనమ్మ బస్సు దిగింది. ముహూర్తానికి మండపం లేచింది. వధూవరుల పేర్ల కంటే పెద్ద అక్షరాలతో దాని మీద 'నా.రా. సప్లయర్స్, గురజాల' అని వెలిగింది. ఆ పేరే ఉన్న కుర్చీలను వెంకట్రామయ్య స్వయంగా మోసి వరసలు వేశాడు. పెళ్ళికూతురి తండ్రి పక్కనే నిలబడి మోయించాడు.

ఇంత జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? సిగ్గుపడతారు. కనీసం నోరు మూసుకుంటారు. సాయంత్రం వెంకట్రామయ్య ఇంటికొచ్చి, చెంబెడు మజ్జిగ తాగి, వరండాలో కూర్చుని తీర్పు చెప్పాడు.

"తప్పు ఊరికి ఒక్క బండి పోతే ఏమన్నాను? రెండు పోయినయ్."

"పంపింది మీరు!" అంది వర్షిణి.

"ఆ కంప్యూటరుంటేనే కదా ఆగింది! అది లేకపోతే ఏది ఆగేది? పైగా ఆడి పెట్టెలో నన్ను కలిపావు. ఆడి కొట్టు మెట్లెక్కావు. నా పరువు కారంపూడిలో ఆడి కుర్చీల మీద కూర్చుంది. అన్నమాట అన్నమాటే. రేపట్నుంచి నువ్వు కొట్టుకి రావొద్దు."

వర్షిణికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి ఎండలో తిరిగి, పరాయివాళ్ళను బతిమాలి, ఈయన చొక్కా ఈయనకు దక్కించినందుకు ఇదా! ప్రవీణ్ వైపు చూసింది. ప్రవీణ్ ధైర్యం చేసి, "నాన్నా" అన్నాడు.

"ఏంది?"

"ఏం లేదు."

అప్పుడు వంటింట్లోంచి అత్తగారు రంగనాయకమ్మ బయటికొచ్చింది. భర్త వైపు చూడనైనా చూడలేదు. "రా అమ్మాయ్, లోపలికి రా. ఫోనూ, ఛార్జరూ అన్నీ తెచ్చుకో. ఆ కొట్లో ఆయన్నే కూర్చోనీ, ఎంతసేపు కూర్చుంటాడో చూద్దాం" అంది. వర్షిణి ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి ముహూర్తం రోజున వెంకట్రామయ్య తెల్లవారకముందే కొట్టు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, దర్జాగా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఎండెక్కింది. అయినా ఎవరూ రాలేదు. విసుగెత్తి మౌలాలీకి ఫోన్ చేశాడు.

"యాడ చచ్చావురా? బండెప్పుడు తీస్తావ్?"

"ఎప్పుడో తీశా సారూ. మాచర్ల దాటా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫోన్లో వచ్చింది."

కొట్లో కంప్యూటరు ఆన్ చేశాడు. అది నెంబరు అడిగింది. ఆ నెంబరు ఇప్పుడు వర్షిణి ఫోనుకు వెళుతుంది. కనుక్కు రమ్మని ప్రవీణ్‌ను పంపాడు. ప్రవీణ్ తిరిగొచ్చి, "పప్పు తాలింపులో ఉందంట, ఆగమంది" అన్నాడు.

ఇక లాభం లేదని ఆయనే కొట్టు వెనక నుంచి ఇంట్లోకి వెళ్ళాడు. వంటింటి మెట్ల మీద జయపాల్ కాఫీ తాగుతున్నాడు. అతని పక్కన మాచర్ల నుంచి వచ్చిన ఆడపెళ్ళివాళ్ళు చాప మీద కూర్చుని ఫోనులో మండపాల బొమ్మలు ఎంచుకుంటున్నారు. రంగనాయకమ్మ బీరకాయలు తరుగుతూ, "నెమలి స్తంభాలది తీసుకోండమ్మా, మొన్న రెంటచింతలలో కూడా అందరూ మెచ్చుకున్నారు" అని చెబుతోంది. వర్షిణి ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేతి బొటనవేలితో ఏదో బండిని ఏదో ఊరికి పంపించింది.

"ఏం కావాలి మామయ్యా?"

"నెంబరు."

"దేనికి? పోవాల్సినయ్యన్నీ పోయినయ్యిగా."

"ఊరికే. చూద్దామని."

వర్షిణి నెంబరు చెప్పింది. ఆయన దాన్ని మరిచిపోకుండా పైకి వల్లిస్తూ గబగబా కొట్టుకు వెళ్ళి నొక్కాడు. ఈలోపే దాని గడువు దాటిపోయిందట, కంప్యూటరు కొత్త నెంబరు అడిగింది. ఆయన మళ్ళీ వంటింటికి బయల్దేరాడు.

మామగారి మాట జవదాటని కోడలని గురజాలలో వర్షిణికి మంచి పేరొచ్చింది.